ఏ పచ్చ?

మా డాబా మీది ట్యాంకు పొంగిందంటే ఆ నీళ్ళు సరిగ్గా వెళ్ళి పక్కింటాయన కారు మీద పడతాయి. ఓవర్‌ఫ్లో పైపు ఆ దిక్కుకు తిప్పిన మేస్త్రీని ఇప్పుడు తిట్టుకుని లాభం లేదు. హైదరాబాదులో మా కాలనీకి నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. అవి సంపులో పడితే, మోటారు వేసి పైకి ఎక్కించుకోవాలి. స్విచ్చి కింద వసారాలో, ట్యాంకు రెండంతస్తుల పైన. ఈ రెంటికీ మధ్య ఉన్నది మనిషి జ్ఞాపకం ఒక్కటే. నేనూ మా ఆవిడా ఆఫీసులకు పోయాక ఆ బరువంతా మా అమ్మది. పాపం ఆవిడ మోటారు వేసి, పొయ్యి మీద పప్పు పెట్టి, పూలు మాలకడుతూ కూర్చుంటుంది. పప్పు పొంగితే తెలుస్తుంది, ట్యాంకు పొంగితే పక్కింటాయన వచ్చి చెబుతాడు. ఆయన మంచివాడు, తిట్టడు. తుడుచుకునే గుడ్డ ఒకటి చేతిలో పట్టుకుని గేటు దగ్గర నిలబడతాడంతే. అది తిట్టడం కంటే కష్టం.

మావాడు ఇంజనీరింగు హాస్టలుకు పోతూ వదిలేసిన అట్టపెట్టె ఒకటి అటక మీద ఉండేది. ఒక ఆదివారం దాన్ని దింపాను. అందులో ఒక ఆర్డుయినో యూనో బోర్డు, చిల్లుల బ్రెడ్‌బోర్డు, పేకముక్కల్లా రంగురంగుల జంపర్ వైర్లు. నేను చదివింది బీకాం. వయసు యాభై రెండు. అయినా ఫోన్లో నాలుగు వీడియోలు చూసి, బోర్డు మీది పదమూడో నంబరు పిన్నుకు కలిపి ఉన్న చిన్న దీపాన్ని సెకను వెలిగించి సెకను ఆర్పాను. ఈ విద్యలో అందరికీ అదే ఓనమాలట. 2005లో ఇటలీలోని ఇవ్రియా అనే ఊళ్ళో, డిజైను చదువుకునే పిల్లలకి చౌకగా ఉండాలని కొందరు పంతుళ్ళు మొదలుపెట్టిన బోర్డు ఇది. వాళ్ళు సాయంత్రాలు కూర్చునే బారు పేరే దీనికి పెట్టారు. ఆ బారుకేమో వెయ్యేళ్ళ కిందటి ఆర్డుయినో అనే రాజు పేరు. పద్దులు రాసుకునే గుమాస్తా చేత కూడా దీపం వెలిగించింది కాబట్టి ఆ రాజు కీర్తి చిరస్థాయే అనుకున్నాను.

ట్యాంకులో మూడు ఎత్తుల్లో మూడు తీగలు, అడుగున ఒక తీగ. నీళ్ళు ఏ తీగదాకా వస్తే ఆ తీగకూ అడుగు తీగకూ మధ్య కొంచెం కరెంటు పారుతుంది. బోర్డు దాన్ని గమనించి కింద వసారాలో దీపం వెలిగిస్తుంది. ఇంతవరకూ పెద్ద గొడవ లేదు. మూడు మట్టాలకు మూడు దీపాలు పెట్టేసి ఉంటే ఆ ఆదివారం సాయంత్రానికే పని అయిపోయేది, ఈ వ్యాసమూ ఉండేది కాదు. కానీ నాకు ఒకటే దీపం కావాలనిపించింది. నీళ్ళు పెరిగేకొద్దీ అదే రంగులు మారాలి. అందులో ఏదో సొగసు ఉందని నా ఊహ.

కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళాను. మూడు రంగుల ఎల్ఈడీ కావాలంటే కొట్టతను "కామన్ ఆనోడా, కామన్ కాథోడా?" అన్నాడు. హోటల్లో స్ట్రాంగా లైటా అని అడిగినంత మామూలుగా అడిగాడు. "ఏదైనా ఇవ్వండి" అన్నాను. నాలుగు కాళ్ళతో బియ్యపు పురుగంత దీపం చేతిలో పెట్టాడు. ఇంటికి తెచ్చి భూతద్దంలో చూస్తే, ఆ గాజులాంటి ప్లాస్టిక్కు లోపల ఆవగింజలో పదోవంతు ఉండే మూడు పలుకులు పక్కపక్కనే. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. నాలుగో కాలు, అంటే అన్నిటికంటే పొడుగుది, ముగ్గురికీ ఉమ్మడి.

ఆ ఉమ్మడికాలే నన్ను మూడు రాత్రులు నిద్రపోనివ్వలేదు. ప్రోగ్రాములో ఎరుపుకు 255, తక్కిన రెంటికీ సున్నా అని రాశాను. ఎరుపు రావాలి. నీలమూ ఆకుపచ్చా కలిసిన సముద్రపు రంగు వచ్చింది. ఆకుపచ్చ అడిగితే మెజెంటా ఇచ్చింది. పసుపు అడిగితే నీలం. సరే, అసలు ఆరిపొమ్మని మూడిటికీ సున్నా ఇచ్చాను. తెల్లగా, కళ్ళు చెదిరేలా వెలిగింది! ఎడ్డెమంటే తెడ్డెమనే పెళ్ళికొడుకు తమ్ముణ్ణి పెళ్ళివారింట్లో చూశాను గానీ, నాలుగు కాళ్ళ ప్లాస్టిక్కు ముక్కలో ఇంత ఎదురుతిరుగుడు ఉంటుందని ఎరగను. మావాడికి ఫోను చేస్తే "నాన్నా, అది కామన్ ఆనోడ్. పొడుగు కాలు అయిదు వోల్టులకు కట్టుంది కదా, మిగతా కాలు సున్నాలో ఉంటేనే కరెంటు పారేది. 255 ఇస్తే రెండువైపులా సమానమై ఆరిపోతుంది. నువ్వు రాసే ప్రతి అంకెనూ 255 లోంచి తీసెయ్" అన్నాడు. తీసేశాను. దీపం బుద్ధిమంతుడైంది. తప్పు దానిది కాదు, కొట్లో "ఏదైనా ఇవ్వండి" అన్న నోటిది.

ఇంకో తప్పు చేశాను, అది పిసినారితనం వల్ల. ఎల్ఈడీకి నేరుగా అయిదు వోల్టులు ఇవ్వకూడదు, మాడిపోతుంది. దారిలో ఒక రెసిస్టరు అడ్డు ఉండాలి. ఎరుపు, ఎరుపు, గోధుమ రంగు గీతలున్నదయితే 220 ఓములు. ప్రతి రంగుకీ ఒకటి చొప్పున మూడు పెట్టాలని పుస్తకం. ఉమ్మడికాలికి ఒక్కటి పెడితే చాలదా, అని నా గుమాస్తా బుర్ర లెక్క వేసింది. విడివిడిగా అన్ని రంగులూ బ్రహ్మాండంగా వచ్చాయి. ఎరుపూ ఆకుపచ్చా కలిపి వెలిగిస్తే మాత్రం పసుపు రాలేదు. ఉత్త ఎరుపే. కారణం తెలిశాక నవ్వొచ్చింది. ఎరుపు పలుకు వెలగడానికి రెండు వోల్టులుంటే చాలు. ఆకుపచ్చకూ నీలానికీ మూడు వోల్టుల దాకా కావాలి. ఒకే తూములోంచి రెండు చేలకు నీళ్ళు వదిలితే ముందు పల్లపు చేనే తాగుతుంది. మెరక చేనువాడు గట్టు మీద నిలబడి చూస్తుంటాడు. నీరు పల్లమెరుగు అన్నది కరెంటుకీ వర్తిస్తుందని తెలిసి, ఎవరి తూము వాళ్ళకు పెట్టాను. అప్పుడొచ్చింది పసుపు.

అంటే నాకొచ్చింది, మా అమ్మకు రాలేదు. పీట వేసుకుని పక్కనే కూర్చుని చూస్తోంది. "ఎరుపూ ఆకుపచ్చా కలిపితే పసుపు వస్తుందిటే?" అంది, నన్ను కాదు, మా ఆవిణ్ణి. "ముగ్గుల్లో కలిపితే బురద రంగు వస్తుంది." నిజమే. రంగుపొడి తన మీద పడ్డ వెలుతురులో కొంత మింగేసి కొంత వదులుతుంది. రెండు పొడులు కలిస్తే మింగేవాళ్ళు ఇద్దరయి మిగిలేది తక్కువ. దీపాలు మింగవు, ఇస్తాయి. కాబట్టి కలిసినకొద్దీ వెలుగు పెరుగుతుంది. ఈ సంగతి బీకాం భాషలో, ముగ్గుల్లో ఖర్చూ దీపాల్లో జమా అని చెప్పి చూశాను. ఆవిడ దీపాన్ని దగ్గరగా చూసి "నాకు ఎర్రచుక్కా పచ్చచుక్కా విడివిడిగా కనిపిస్తున్నాయి, పసుపెక్కడ?" అంది. అదీ నిజమే. పలుకులు పక్కపక్కన ఉన్నాయి కదా. ఆవిడ హోమియో మాత్రల తెల్ల డబ్బా ఖాళీది ఉంటే దీపం మీద బోర్లించాను. చుక్కలు రెండూ కరిగిపోయి డబ్బా అంతా పసుపు ముద్దలా వెలిగింది. మా అమ్మ కాసేపు చూసింది. "పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళు రావట్లేదూ, ఇదీ అలాంటిదే అయ్యుంటుంది" అని లోపలికి వెళ్ళిపోయింది.

అలాంటిది కాదు. కానీ ఆ మాట నన్ను పట్టుకుంది. రంగు మారి కబురు చెప్పే వస్తువును నేను జన్మలో మొదట చూసింది ఆ దిష్టినీళ్ళ పళ్ళెంలోనే. సున్నపు క్షారం తగలగానే పసుపు ఎర్రబడుతుంది. బడిలో కెమిస్ట్రీ మాస్టారు పసుపు కాగితాన్ని సబ్బునీళ్ళలో ముంచి చూపించి దాన్ని 'ఇండికేటర్' అంటే, మా ఇళ్ళలో దిష్టి తీసే ప్రతి ముత్తైదువకూ ఇది తెలుసుగా అనుకున్నాను. అక్కడ పదార్థమే మారిపోతుంది. నా డబ్బా కింద మాత్రం ఏమీ మారలేదు. ఎరుపు ఎరుపుగానే ఉంది, ఆకుపచ్చ ఆకుపచ్చగానే ఉంది. రెండిటి మధ్యా పసుపు కిరణం అనేది ఒక్కటి కూడా లేదు. పసుపు పుట్టింది మా అమ్మ కంట్లో. మన కంట్లో రంగుల్ని పట్టే కణాలు మూడు రకాలే. నిజమైన పసుపు వెలుతురు తగిలినప్పుడు వాటిలో రెండు రకాలు ఎలా కదులుతాయో, ఎరుపూ ఆకుపచ్చా కలిసి తగిలినా అలాగే కదులుతాయి. కంటికి తేడా తెలియదు. మూడు రకాలు ఉండి ఉండాలని థామస్ యంగ్ 1802 నాటికే ఊహించాడు. 1861లో మాక్స్‌వెల్ మూడు రంగుల గాజుల్లోంచి తీయించిన మూడు ఫొటోలను లండన్‌లో ఒకే తెర మీద ఒకదానిపై ఒకటి వేసి, రంగుల రిబ్బను బొమ్మ చూపించాడు. మన టీవీలూ ఫోన్లూ చేసేది ఈనాటికీ ఆ గారడీయే.

గారడీ ఇంకొకటి ఉంది. ఎరుపు నిండుగా, ఆకుపచ్చ కొంచెంగా కలిపితే నారింజ రంగు వస్తుంది. కానీ ఆర్డుయినో బోర్డుకు 'కొంచెం' అనేది చేతకాదు. ఇస్తే అయిదు వోల్టులు, లేకపోతే సున్నా. అందుకని అది సెకనుకు 490 సార్లు వెలిగించి ఆర్పుతుంది. 'కొంచెం' అంటే ప్రతిసారీ తక్కువసేపు వెలిగి ఎక్కువసేపు ఆరి ఉండడం. 0 నుంచి 255 దాకా ఉన్న అంకెలు ఆ సేపుకు కొలతలు. ఒక రాత్రి వసారాలో లైట్లన్నీ ఆర్పేసి, బ్రెడ్‌బోర్డు చేత్తో పట్టుకుని గబగబా ఊపి చూశాను. గాలిలో నారింజ గీత పడాల్సిన చోట, ఎర్రటి గీత మీద తెగిన పూసలదండలా పసుపు చుక్కలు కనిపించాయి. చిన్నప్పుడు తెనాలి దగ్గర మా ఊళ్ళో దీపావళికి గోగుకాడలు వెలిగించి గిరగిరా తిప్పితే నిప్పు చక్రంలా కనిపించేది. ఒక్క నిప్పుకణం అంత పెద్ద చక్రం ఎలా అయ్యిందని ఆశ్చర్యపోయేవాళ్ళం. దాన్నే అలాతచక్రం అన్నారు. మాండూక్య కారికల్లో గౌడపాదుడి చివరి ప్రకరణం పేరు అలాతశాంతి. కొరివి తిరగడం ఆపితే చక్రం ఎక్కడికి పోయిందన్నది అక్కడి ప్రశ్న. నేను చేసింది దానికి తలకిందులు. అక్కడ తిప్పితే చుక్క చక్రమైంది, ఇక్కడ ఊపితే ఒక్క రంగు చుక్కలైంది. మా ఆవిడ తలుపు తీసి, చీకట్లో దీపం ఊపుతూ నిలబడ్డ నన్ను చూసి ఏమీ అనకుండా మళ్ళీ తలుపు వేసేసింది.

ఆ అంకెలతోనూ ఒక తిరకాసు ఉంది. సున్నా నుంచి యాభైకి పోతే దీపం పుట్టినట్టుంటుంది. రెండొందల నుంచి రెండొందల యాభైకి పోతే తేడాయే తెలియదు. చీకటి గదిలో ఒక ప్రమిద వెలిగిస్తే అందరూ తలతిప్పి చూస్తారు, పెళ్ళిపందిట్లో ఇంకో ట్యూబ్‌లైటు వేస్తే ఎవడు చూస్తాడు?

నీలం గురించి ఒక్క మాట. నా చిన్నతనంలో టేప్‌రికార్డరుకైనా, టీవీ కింద గుర్రుమనే స్టెబిలైజరుకైనా చిన్న దీపాలు ఎరుపు, ఆకుపచ్చ, మహా అయితే పసుపు. నీలం చూసిన గుర్తు లేదు. 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ ఎర్ర ఎల్ఈడీ వెలిగించాడు. ధగధగలాడే నీలం రావడానికి ఇంకో ముప్ఫై ఏళ్ళు పట్టింది. గాలియం నైట్రైడ్ అనే మొండి పదార్థాన్ని లొంగదీసి జపాన్‌వాళ్ళు అకసాకి, అమానో, నకమురా దాన్ని సాధించారు. వాళ్ళకు 2014లో నోబెల్ ఇచ్చారు. ఆ పదార్థంలో పనిలేదని చాలామంది వదిలేసి వెళ్ళిపోయాక కూడా పట్టుకు వేళ్ళాడినవాళ్ళు వీళ్ళు. నా బియ్యపు పురుగులో ఆవగింజలో పదోవంతు నీలం, నోబెల్ బహుమతి తాలూకు పలుకన్నమాట. కొట్టతను మొత్తం దీపానికి తీసుకున్నది పది రూపాయలు.

ఇక దీపాన్ని వసారా గోడకు బిగించాను. ట్యాంకు ఖాళీ అయితే ఎరుపు, ముప్పాతిక అయితే పసుపు, నిండితే ఆకుపచ్చ. ఫోను చార్జరు చూడండి: ఎక్కుతున్నంతసేపూ ఎరుపు, నిండాక ఆకుపచ్చ. దానికి మించిన తర్కం ఏముంది? మర్నాడు పొద్దున్న మా ఆవిడ, ట్యాంకు నిండి ఆకుపచ్చ వెలుగుతుంటే, పోయి మోటారు వేసింది. "పచ్చలైటు అంటే కానివ్వమనే కదా?" అంది. అమ్మ వెంటనే ఆవిడ పక్షం చేరింది. "ఎరుపంటే ఆపమని. ట్యాంకు నిండితే ఆపాలా వద్దా? మరి ఎరుపు ఎప్పుడు వెలగాలి?"

జవాబు లేదు. అత్తాకోడళ్ళు ఒక మాట మీద ఉండడం మా ఇంట్లో అరుదు, ఆ అరుదైన సందర్భంలో న్యాయం కూడా వాళ్ళవైపే ఉంది. చార్జరు దీపం బ్యాటరీ సంగతి చెబుతుంది. రైలు సిగ్నలు డ్రైవరు చెయ్యాల్సిన పని చెబుతుంది. ఒకటి వార్త, ఒకటి ఆజ్ఞ. నేను ట్యాంకు గురించి వార్త రాశాను, స్విచ్చి దగ్గర నిలబడ్డ మనిషి ఆజ్ఞ కోసం చూస్తోంది. మూడు రాత్రులు ఓములూ వోల్టులూ నేర్చుకున్నాను గానీ ఈ దీపం ఎవరితో మాట్లాడుతోందని నన్ను నేను ఒక్కసారి అడగలేదు. పోనీ ఆకుపచ్చకు 'వెళ్ళు' అనే అర్థం పుట్టుకతో వచ్చిందా అంటే అదీ లేదు. బ్రిటన్‌లో తొలినాటి రైళ్ళకు తెల్లదీపమే 'వెళ్ళు', ఆకుపచ్చ అంటే 'జాగ్రత్త'. ఎర్రగాజు పగిలి రాలిపోతే లోపలి దీపం తెల్లగా కనిపించి, ఆగాల్సిన బండి వెళ్ళిపోతుంది కదా. ఆ భయంతో తెలుపును మానుకుని ఆకుపచ్చకు ఆ పని అప్పజెప్పారు. రంగులకు అర్థాలు పొట్లాడుకుని ఒప్పుకున్నవే. మా ఇంట్లోనూ పొట్లాడుకుని ఒప్పుకున్నాం. ఖాళీ ఆకుపచ్చ, ముప్పాతిక పసుపు, నిండితే ఎరుపు.

నెల్లాళ్ళు బాగానే గడిచింది. ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా మోటారు గుర్తొచ్చి అమ్మకు ఫోను చేశాను.

"అమ్మా, మోటారు వేశావా?"

"వేశాన్రా, అరగంటయ్యింది."

"దీపం ఏ రంగులో ఉంది?"

"పచ్చగానే ఉంది."

"అయితే ఇంకా టైముందిలే, ఉండనీ. భోంచేశావా?"

భోజనం, మా పెద్దమ్మ మోకాళ్ళు, ఊళ్ళో ఎవరో ఇల్లు అమ్మిన సంగతి, అన్నీ అయ్యాయి. ఫోన్లోనే వెనకాల గేటు చప్పుడు వినిపించింది. పక్కింటాయన, గుడ్డతో.

సాయంత్రం వచ్చి విచారణ జరిపాను. ఆవిడ తప్పేమీ లేదు. దీపం పచ్చగానే ఉంది, పసుపుపచ్చగా. నేను ఆకుపచ్చ అనుకున్నాను. ట్యాంకు ముప్పాతిక నిండిందని ఆవిడ చెబితే, ఖాళీగా ఉందని నేను విన్నాను. మనం ఒకే మాటతో రెండు రంగుల్నీ పిలుస్తాం. పచ్చని చేను ఆకుపచ్చ, పచ్చకామెర్లు పసుపు. పచ్చజెండా ఊపితే రైలు కదులుతుంది, చామంతి పచ్చగా పూస్తుంది. మేలిమి బంగారం పచ్చగా ఉంటుంది, మరకతాన్నీ పచ్చ అనే అంటాం. కాపురం పచ్చగా ఉందంటే ఏ పచ్చో ఎవరూ అడగరు. అడగకుండానే సందర్భం చెప్పేస్తుంది కాబట్టి ఇన్నేళ్ళూ ఎవరికీ ఇబ్బంది రాలేదు. చేను పక్కన నిలబడి చామంతి అనుకునేవాడు ఉండడు. నా దీపానికి మాత్రం సందర్భం లేదు. అదే డబ్బా, అదే గోడ, అదే చోట. మారేది రంగొక్కటే, ఆ రంగును ఫోన్లోంచి పంపడానికి మాకున్నది ఆ ఒక్క మాట. ట్రాఫిక్ సిగ్నల్లో అయితే పైదా, మధ్యదా, కిందదా అని అడిగితే సరిపోయేది. మూడు దీపాల్ని కుదించి ఒకటి చేసి నేను సొగసు అనుకున్న చోట ఒక కబురు రాలిపోయింది.

అది రాలిపోవడం వల్ల ఇంకో మనిషికి ఏమవుతుందో సంక్రాంతికి తెలిసింది. మా బావమరిది వచ్చాడు. దీపం చూపించి, నీళ్ళు నింపి, ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా అన్నీ తిప్పి నా ప్రతాపం ప్రదర్శించాను. మర్యాదగా చూశాడు. "బాగుంది బావా. కాకపోతే నాకు ఎప్పుడూ ఒకటే రంగులా ఉందే. కొంచెం డల్లు, కొంచెం బ్రైటు" అన్నాడు. నేను నాలిక్కరుచుకున్నాను. పాతికేళ్ళ కిందట రైల్వే ఉద్యోగానికి రాతపరీక్ష ప్యాసై, ఇంటర్వ్యూ దాటి, మెడికల్లో పోయాడతను. రంగురంగుల చుక్కల మధ్య అంకె చదవమని ఒక పుస్తకం పెట్టారట. ఇషిహారా అనే జపాన్ డాక్టరు 1917లో తెచ్చిన చుక్కల బొమ్మలు అవి. పక్కవాడు టకటకా 12, 8, 29 అని చదువుకుపోతుంటే ఇతనికి మొదటి అంకె తప్ప మిగతావి వేరే అంకెలో, ఉత్త చుక్కల రాశులో. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని కళ్ళని ఆ రోజే అతనికీ తెలిసింది. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్ళు. ఆకులు పచ్చగా ఉంటాయని, మిరపపండు ఎర్రగా ఉంటుందని అందరిలా అంటూ పెరిగాడు, ఎవరికీ అనుమానం రాలేదు.

"మరి బండి ఎలా నడుపుతావు?" అని ఇన్నేళ్ళకు అడిగాను.

"పైది వెలిగితే ఆగుతా, కిందది వెలిగితే పోతా. రాత్రిపూట హైవే మీద ఒంటిదీపం మిణుకుమిణుకుమంటే మాత్రం ముందువాడు ఏం చేస్తాడో చూసి చేస్తా." నవ్వుతూనే అన్నాడు. తర్వాత కాసేపటికి, దీపం వైపు చూస్తూ, "నీలం పెట్టు బావా. నీలం నాకు మహా బాగా తెలుస్తుంది" అన్నాడు.

ఈ లోపు దీపమే మొరాయించింది. ట్యాంకు నిండుగా ఉన్నా ఖాళీ అంటోంది. మూత తీసి చూస్తే అడుగున వేలాడదీసిన రాగితీగ సగం తినేసినట్టుంది, మిగిలిన ముక్కకు పచ్చని చిలుము. అవును, ఆకుపచ్చ. నీళ్ళలో ఎప్పుడూ ఒకే దిక్కుకు కరెంటు పారిస్తే ప్లస్సువైపు లోహం కరిగిపోతుందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు స్టీలు చువ్వలు వేసి, నిమిషానికొకసారి మాత్రమే, అదీ రెప్పపాటు, కరెంటు పంపి చూసుకునేలా ప్రోగ్రాము మార్చాను. చిలుము గీకుతూ ట్యాంకు మీద కూర్చున్నప్పుడే మిగతాదీ తేల్చుకున్నాను. ఖాళీ నీలం. ముప్పాతిక తెలుపు. నిండితే ఎరుపు కాదు, దాని దగ్గరి రంగు ఏదైనా, పైగా ఆరుతూ వెలుగుతూ ఉండాలి. రంగు తెలియనివాళ్ళకి ఆ మిణుకు తెలుస్తుంది. పచ్చ అనే మాటకు పొద్దస్తమానం ఇంట్లో ఎన్ని పనులున్నా ఈ గోడ దగ్గర మాత్రం పనిలేదు.

ఎరుపు దగ్గరి రంగు ఏది అన్నది అమ్మనే అడిగాను. క్షణం ఆలోచించలేదు. "కనకాంబరం రంగు పెట్టు. దూరానికి కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది."

పచ్చ దగ్గర ఒక్క మాటతో సరిపెట్టిన మనిషేనా అనిపించింది. చీరల కొట్లో ఈవిడను చూడాలి. చిలకపచ్చ, మామిడిచిగురు, నెమలికంఠం, వంగపండు, నేరేడుపండు, గంధం, తేనె, ఉల్లిపొర. కొట్టువాడు ఒక తానును నేరేడు అంటే కాదు వంగపండని దీపం వెలుతురులోంచి ఎండలోకి తీసుకెళ్ళి మరీ నిరూపించిన మనిషి. ఒక్కో రంగుకూ ఒక కాయో పువ్వో పిట్టో ఉంది ఆవిడ దగ్గర. నా దగ్గర ఉన్నవి మూడు అంకెలు. ప్రోగ్రాములో ఆ మూడు అంకెల ముందు 'కనకాంబరం' అని పేరు రాసుకుని, ఎరుపు 255, ఆకుపచ్చ 70, నీలం సున్నా ఇచ్చి హోమియో డబ్బా వెలిగించాను. అమ్మ వసారా మెట్టు మీద కూర్చుని, చేతిలో మాల అలాగే పట్టుకుని, దీపం వంకా పూల వంకా చూసింది.

"ఇది నిప్పురంగు. కనకాంబరం కాదు."

85 చేశాను.

"ఊఁ... ఇప్పుడు నారింజ తొక్క అయ్యింది. ఇంతకుముందుదానికీ దీనికీ మధ్యలో."

78 చేశాను. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. మాల దీపం పక్కన పెట్టి చూసింది.

"దగ్గరికొచ్చావు. ఇంకొక్క పిసరు ఎరుపుకి పోనీ."